ఎవరితో ఎవరికి పోటీ? ఎయిర్‌గన్ షూటింగ్‌లో వర్గాలు, టార్గెట్లు

ఎయిర్‌గన్ పోటీలో వచ్చే స్కోరు వెనక మూడు విషయాలుంటాయి: షూటర్ నైపుణ్యం, అతని చేతిలోని తుపాకీ, ఎదురుగా నిలబెట్టిన టార్గెట్. పోటీ కొలవాల్సింది మొదటిదాన్ని. మిగతా రెండూ ఫలితాన్ని తారుమారు చేయకుండా చూడటానికే వర్గాలు, నియమాలు, టార్గెట్ కొలతలు ఏర్పడ్డాయి. ఒలింపిక్ స్థాయిలో ఆ పని అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య ఐఎస్ఎస్ఎఫ్ చేసిపెట్టింది. సరదాగా షూటింగ్ మొదలుపెట్టినవాళ్లు తలో రకం తుపాకీ పట్టుకుని వచ్చే చిన్న క్లబ్బులో మాత్రం ఆ బాధ్యత నిర్వాహకుల మీదే పడుతుంది. అక్కడ లెక్క తప్పితే మొదటి బహుమతి ఖరీదైన తుపాకీకి దక్కుతుంది, పాత రైఫిల్‌తో బాగా కాల్చిన కుర్రాడు మళ్లీ ఆ పోటీ ముఖం చూడడు.

ముందుగా తుపాకీ సంగతి. మన దగ్గర ఎక్కువమంది మొదట పట్టుకునేది స్ప్రింగ్ రైఫిల్. బ్యారెల్‌ను కిందికి మడిచినప్పుడు లోపలి స్ప్రింగ్ బిగుసుకుంటుంది. ట్రిగ్గర్ నొక్కగానే పిస్టన్ ముందుకు దూకి గాలిని ఒక్కసారిగా అదుముతుంది, ఆ గాలి పెల్లెట్‌ను తోస్తుంది. చిక్కంతా ఆ క్షణంలోనే ఉంది. పెల్లెట్ ఇంకా బ్యారెల్ దాటకముందే తుపాకీ వెనక్కి కదులుతుంది, పిస్టన్ ఆగగానే ముందుకు కుదుపుతుంది. పట్టు కాస్త బిగిసినా, కాస్త సడలినా పెల్లెట్ వేరేచోట పడుతుంది. అందుకే స్ప్రింగ్ రైఫిల్‌ను గట్టిగా పట్టుకోవద్దని, ప్రతిసారీ ఒకేలా అరచేతిలో ఆననివ్వమని కోచ్‌లు చెబుతారు. పీసీపీ అని పిలిచే తుపాకీలో ఈ బాధ లేదు. సిలిండర్‌లో దాదాపు 200 బార్ల ఒత్తిడితో ముందే నింపిన గాలి ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కితే వాల్వు తెరుచుకుని అందులో కొంచెం బయటికి వస్తుంది. కుదుపు దాదాపు తెలియదు.

ఒకే షూటర్ ఈ రెండింటితోనూ కాలిస్తే రెండు వేర్వేరు స్కోర్లు వస్తాయి. సాధనతో ఆ తేడా తగ్గుతుందే గానీ పూర్తిగా పోదు. వర్గాల మధ్య మొదటి గీత ఇక్కడే గీయాలి. ఇనుప బొమ్మలను పడగొట్టే ఫీల్డ్ టార్గెట్ ప్రపంచ పోటీల్లో పీసీపీకీ స్ప్రింగ్ తుపాకులకూ వేర్వేరు టైటిళ్లు ఉన్నది ఇందుకే. అయితే గీత ఏ మాటతో గీస్తున్నామన్నది ముఖ్యం. జర్మనీకి చెందిన ఫైన్‌వెర్క్‌బావ్ 300 శ్రేణి మ్యాచ్ రైఫిళ్లు స్ప్రింగ్‌తో పనిచేసేవే. కానీ వాటి యంత్రభాగమంతా కాల్చే సమయంలో కర్రలోపలి పట్టాల మీద వెనక్కి జారుతుంది, షూటర్ చెంపకు, భుజానికి కుదుపు చేరదు. "స్ప్రింగ్ తుపాకుల వర్గం" అని రాసిపెడితే ఈ రైఫిల్ కూడా అందులోకి వచ్చి, మామూలు మడత రైఫిళ్లతో పోటీకి దిగుతుంది. "కుదుపు ఉన్న తుపాకుల వర్గం" అని రాస్తే ఆ చిక్కు ఉండదు. బ్రిటన్‌లోని హంటర్ ఫీల్డ్ టార్గెట్ పోటీల్లో వర్గానికి కుదుపు పేరే పెట్టారు. యంత్రం ఏ రకమన్నది కాదు, అది షూటర్ మీద మోపే కష్టమే కొలమానం కావాలి.

శక్తి విషయానికి వస్తే చట్టమే కొన్ని హద్దులు పెట్టింది. ఇంగ్లండ్, వేల్స్‌లలో లైసెన్సు అక్కర్లేని ఎయిర్ రైఫిల్‌కు పరిమితి 12 అడుగు-పౌండ్లు, అంటే సుమారు 16.3 జౌళ్లు. జర్మనీలో 7.5 జౌళ్లు. మన దేశంలో 2016 ఆయుధ నిబంధనల ప్రకారం 4.5 మిల్లీమీటర్ల బోరు, 20 జౌళ్ల శక్తి దాటితే లైసెన్సు కావాలి. 10 మీటర్ల పోటీలో ఎక్కువ శక్తి వల్ల లాభమేమీ లేదు. అరగ్రాము బరువున్న పెల్లెట్ సెకనుకు 170 మీటర్ల వేగంతో వెళ్తే చాలు. అంతకు మించితే కుదుపు పెరగడం తప్ప ఒరిగేది లేదు. కాబట్టి ఇండోర్ రేంజిలో శక్తిని బట్టి వర్గాలు చేయడం అనవసరపు శ్రమ. ఆరుబయట, 25 మీటర్లు దాటాక మాటే మారిపోతుంది. వేగం తగ్గిన పెల్లెట్‌ను గాలి ఎక్కువగా పక్కకు నెడుతుంది. బల్ల మీద ఆనించి కాల్చే 25 మీటర్ల బెంచ్‌రెస్ట్ పోటీల్లో తేలిక వర్గానికి 12 అడుగు-పౌండ్లు, బరువు వర్గానికి 20 అడుగు-పౌండ్ల హద్దు పెట్టడానికి కారణం అదే.

బోరు తేడా పైకి చిన్నదిగా కనిపిస్తుంది, లెక్క వేస్తే ఆశ్చర్యం కలుగుతుంది. పెల్లెట్ చేసిన రంధ్రం అంచు గీతను తాకినా పై పాయింటు ఇవ్వడం ఈ ఆటలో రివాజు. 10 మీటర్ల రైఫిల్ కార్డు మధ్యనున్న పది పాయింట్ల చుక్క వ్యాసం కేవలం 0.5 మిల్లీమీటర్లు. 4.5 మిల్లీమీటర్ల పెల్లెట్ మధ్యబిందువు కేంద్రానికి 2.5 మిల్లీమీటర్ల లోపు ఉంటే ఆ చుక్క అంచు తాకుతుంది, పది వస్తుంది. అదే 5.5 మిల్లీమీటర్ల పెల్లెట్‌కు 3 మిల్లీమీటర్ల దాకా వెసులుబాటు దొరుకుతుంది. వైశాల్యంలో చూస్తే పది పడే చోటు 44 శాతం పెద్దదైపోయినట్టు. 5.5 బోరు తుపాకీతో వచ్చినవారిని కార్డు పోటీలో 4.5 వాళ్లతో కలపకూడదు. కలపక తప్పకపోతే రంధ్రం అంచును బట్టి కాకుండా మధ్యబిందువును బట్టి స్కోరు చూడాలి. పడగొట్టే టార్గెట్లలో ఈ లాభం తలకిందులవుతుంది. అక్కడ పెల్లెట్ మొత్తం బొమ్మలోని రంధ్రం గుండా దూరాలి, లావు పెల్లెట్ అంచుకు తగిలే అవకాశం ఎక్కువ. పైగా అదే శక్తికి బరువైన పెల్లెట్ నెమ్మదిగా వెళ్తుంది కనుక దూరం అంచనా తప్పితే ఎక్కువ కిందికి పడుతుంది.

గురి చూసే సాధనం మూడో గీత. ఓపెన్ సైట్‌లో వెనకనున్న గాడి, ముందున్న మొన, దూరాన ఉన్న టార్గెట్ మూడూ ఒకే వరుసలోకి రావాలి. కంటికి ఒకేసారి మూడు దూరాలు స్పష్టంగా కనిపించవు. నలభై దాటినవాళ్లకు వెనక గాడి మసకబారడం మొదలవుతుంది. పీప్ సైట్‌లో కన్ను చిన్న రంధ్రం గుండా చూస్తుంది. ముందున్న రింగులో నల్లటి బుల్‌ను కూర్చోబెడితే చాలు, చుట్టూ సన్నని తెల్లని అంచు సమానంగా కనిపిస్తే గురి కుదిరినట్టే. స్కోప్‌లో గురి గీతలు, టార్గెట్ ఒకే తలంలో ఉంటాయి. ఈ మూడింటినీ ఒకే జాబితాలో పెట్టి ర్యాంకులు ఇవ్వడం తగదు. మన స్కూల్ గేమ్స్‌లో ఓపెన్ సైట్ రైఫిల్, పీప్ సైట్ రైఫిల్, ఎయిర్ పిస్టల్‌ను వేర్వేరు పోటీలుగా నడపడం మంచి పద్ధతి. తల్లిదండ్రులు లక్షలు పోసి మ్యాచ్ రైఫిల్ కొనలేని పిల్లలకు పతకం దారి తెరిచి ఉంచేది ఓపెన్ సైట్ పోటీయే. దాన్ని తక్కువచేసి చూడటం సరికాదు.

డబ్బు తేడాను నేరుగా ఎదుర్కొన్న పద్ధతి అమెరికాలో ఉంది. అక్కడి పిల్లల మూడు భంగిమల ఎయిర్ రైఫిల్ పోటీల్లో ప్రిసిషన్, స్పోర్టర్ అని రెండు తరగతులు. స్పోర్టర్‌లో ధర హద్దుకు లోబడి ఆమోదించిన రైఫిళ్లనే వాడాలి. బరువు 7.5 పౌండ్లు మించకూడదు, ట్రిగ్గర్ కనీసం 1.5 పౌండ్ల ఒత్తిడికి గానీ కదలకూడదు. గట్టి కాన్వాసుతో, తోలుతో కుట్టిన షూటింగ్ జాకెట్లు, ప్యాంట్లు వేసుకోకూడదు. ఈ చివరి నియమం చాలా విలువైనది. షూటింగ్ జాకెట్ వెన్నుకు దన్నుగా నిలిచి శరీరం ఊగిసలాటను తగ్గిస్తుంది. ఐఎస్ఎస్ఎఫ్ కూడా జాకెట్ గుడ్డ మందం ఒక పొరకు 2.5 మిల్లీమీటర్లు దాటకూడదని, రైఫిల్ 5.5 కిలోల లోపు ఉండాలని, ఎయిర్ పిస్టల్ ట్రిగ్గర్ కనీసం 500 గ్రాముల బరువు మోయాలని కట్టడి చేసింది. జాకెట్ ఉన్నవాళ్లు, లేనివాళ్లు కలిసి కాల్చే క్లబ్బు పోటీలో తుపాకీ కంటే జాకెట్టే ఎక్కువ తేడా తెచ్చే సందర్భాలుంటాయి. అది నిర్వాహకుల కళ్లకు తరచూ ఆనదు.

ఇక మనుషుల మధ్య విభజన. ఐఎస్ఎస్ఎఫ్ లెక్కలో ఇరవయ్యో పుట్టినరోజు వచ్చే సంవత్సరం డిసెంబరు 31 దాకా జూనియర్. మన జాతీయ రైఫిల్ సంఘం సబ్-యూత్, యూత్, మాస్టర్స్ వంటి వర్గాలను కూడా నడుపుతోంది. చిన్నపిల్లలకు అడ్డంకి గురి కాదు, బరువు. పెద్దల కోసం చేసిన రైఫిల్‌ను పదేళ్ల పిల్ల నిలబడి గంటసేపు మోయలేదు. అలాంటప్పుడు ఆనించి కాల్చే వర్గం పెట్టడమే మేలు. జర్మనీలో వయసు పైబడినవారికి సరిగ్గా ఇలాంటి ఏర్పాటే ఉంది. రైఫిల్‌ను స్టాండు మీద ఆనించి కాలుస్తారు, ఆ పోటీలకు ఆదరణ కూడా బాగా ఉంది.

స్త్రీ, పురుష విభజన ఈ ఆటలో ఎంత అవసరమో ఆలోచించదగిన విషయం. 2018కి ముందు అంతర్జాతీయ పోటీల్లో పురుషులు 60, మహిళలు 40 షాట్లు కాల్చేవారు. ఆ ఏడాది నుంచి ఇద్దరికీ 60. ఎయిర్ రైఫిల్‌లో ఇద్దరి స్కోర్లూ దాదాపు ఒకే స్థాయిలో ఉంటున్నాయి. టోక్యో ఒలింపిక్స్‌లో మిక్స్‌డ్ టీమ్ పోటీ చేరింది. పారిస్‌లో 2024లో మను భాకర్, సరబ్‌జోత్ సింగ్ జోడీ కంచు గెలిచింది ఎయిర్ పిస్టల్ మిక్స్‌డ్ టీమ్‌లోనే. పెద్ద వేదికల మీద వేర్వేరు పతకాలు ఎక్కువమందికి అవకాశమిస్తాయి. ఇరవై మంది ఉన్న క్లబ్బులో మాత్రం అందరినీ కలిపి కాల్పించడంలో అన్యాయమేమీ లేదు.

శరీర పరిస్థితిని బట్టి వర్గాలు ఎలా చేయాలో పారా షూటింగ్ చక్కగా చూపిస్తుంది. అక్కడ వైకల్యం పేరుతో కాకుండా తుపాకీ పట్టుకోవడంలో దాని ప్రభావంతో విభజిస్తారు. తుపాకీ బరువును సొంతంగా మోయగలిగినవారు ఎస్‌హెచ్1. చేతుల్లో ఆ శక్తి లేక స్ప్రింగుతో కదిలే స్టాండు అవసరమైనవారు ఎస్‌హెచ్2. వెన్నెముక గాయమైనా, పోలియో అయినా ఎస్‌హెచ్1లో పక్కపక్కనే పోటీపడవచ్చు. అవనీ లేఖరా టోక్యోలోనూ, పారిస్‌లోనూ స్వర్ణం గెలిచింది ఎస్‌హెచ్1 మహిళల 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ స్టాండింగ్‌లో. చూపు లేనివారికి శబ్దంతో గురి చూసే పోటీలున్నాయి. తుపాకీ కేంద్రానికి దగ్గరయ్యే కొద్దీ చెవిలో వినిపించే ధ్వని స్థాయి మారుతుంది.

నైపుణ్యాన్ని బట్టి ఏఏ, ఏ, బీ, సీ అని తరగతులు చేయడం బ్రిటన్ ఫీల్డ్ టార్గెట్ క్లబ్బుల్లో మామూలు. గత పోటీల సగటును బట్టి ఎవరు ఏ తరగతో తేలుతుంది, కొత్తవాడు కొత్తవాళ్లతోనే పోటీపడతాడు. దీనికి ఒక రోగం ఉంది. కొందరు కావాలనే స్కోరు తగ్గించుకుని కింది తరగతిలో బహుమతులు పోగేస్తారు. కింది తరగతిలో గెలిచినవారిని వెంటనే పైకి పంపడం, ఒకసారి పైకి వెళ్లినవారిని ఆ సీజన్‌లో కిందికి దించకపోవడం దీనికి మందు. వర్గాలు మితిమీరినా ఇబ్బందే. పన్నెండుమందికి ఏడు వర్గాలు పెడితే ఒంటరిగా కాల్చి మొదటి బహుమతి అందుకున్నవారికి కూడా అందులో తృప్తి ఉండదు. వర్గంలో కనీసం నలుగురైదుగురు లేకుంటే దాన్ని పక్క వర్గంలో కలపడం నయం. ఆ నిర్ణయం మాత్రం పోటీ మొదలవకముందే చెప్పాలి.

టార్గెట్ ఎంపిక కూడా వర్గాల ఎంపికంత బరువైనదే. మంచి టార్గెట్‌కు పరీక్ష ఇది: అందులో మేటి షూటర్లంతా పూర్తి మార్కులతో సమానం కాకూడదు, కొత్తవాళ్లంతా సున్నా దగ్గర ఆగిపోకూడదు. రైఫిల్ కార్డులో ఒకటో వలయం వ్యాసం 45.5 మిల్లీమీటర్లు, నల్లటి భాగం 30.5. పిస్టల్ కార్డులో పది వలయమే 11.5 మిల్లీమీటర్లు, ఒకటో వలయం 155.5. దూరం రెండింటికీ 10 మీటర్లే. ఒంటిచేత్తో చాచి పట్టే పిస్టల్‌కూ, జాకెట్ దన్నుతో భుజానికి ఆనించే రైఫిల్‌కూ మధ్య తేడా ఎంతో ఈ అంకెల్లోనే కనబడుతుంది.

అంత చిన్న చుక్క పెట్టినా మేటి రైఫిల్ షూటర్లు దాన్ని దాటేశారు. హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్ 2008 ప్రపంచ కప్ ఫైనల్ క్వాలిఫికేషన్‌లో 600కి 600 కొట్టాడు. అతను కంచు గెలిచిన 2012 లండన్ ఒలింపిక్స్ క్వాలిఫికేషన్‌లో అతని స్కోరు 598. నాలుగేళ్ల ముందు బీజింగ్‌లో స్వర్ణం తెచ్చిన అభినవ్ బింద్రా లండన్‌లో 594 కొట్టి ఫైనల్‌కే చేరలేకపోయాడు. అరవై షాట్లలో నాలుగు పాయింట్ల దూరం! టార్గెట్ నిండిపోయిందనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. 2013 నుంచి రైఫిల్ క్వాలిఫికేషన్‌లో కూడా దశాంశ స్కోరు వచ్చింది. కేంద్రం నుంచి ప్రతి 0.25 మిల్లీమీటర్లకు 0.1 పాయింటు తేడా. అత్యధికం 10.9, అరవై షాట్లకు 654. పిస్టల్ క్వాలిఫికేషన్‌లో ఆ అవసరం రాలేదు, ఇప్పటికీ పూర్ణాంకాలే. పారిస్ క్వాలిఫికేషన్‌లో మను భాకర్ స్కోరు 580, అందులో ఇన్నర్ టెన్‌లు, అంటే పది వలయం లోపలి చిన్న వలయాన్ని అందుకున్న షాట్లు, 27.

దశాంశ స్కోరుకు ఎలక్ట్రానిక్ టార్గెట్లు కావాలి. క్లబ్బు చేతిలో ఉండేవి కాగితపు కార్డులు. వాటి విషయంలో కొన్ని మెలకువలున్నాయి. ఒకే బుల్ మీద అయిదు షాట్లు కాలిస్తే రంధ్రాలు కలిసిపోతాయి, ఏది ఎక్కడ పడిందో తేలక తగాదా మొదలవుతుంది. పది చిన్న బుల్స్ ఉన్న కార్డులో ఒక్కోదానికి ఒక్క షాట్ చొప్పున కాల్చాలి. పెల్లెట్ ముందు భాగం చదునుగా ఉన్నది వాడితే కాగితంలో గుండ్రటి బిళ్ల కోసినట్టు రంధ్రం పడుతుంది. గుండ్రటి ముక్కున్న పెల్లెట్ కాగితాన్ని చింపుతుంది, రంధ్రం నిజమైన కొలత కంటే చిన్నగా కనిపించి షూటర్ నష్టపోతాడు. అనుమానం ఉన్న రంధ్రంలో స్కోరింగ్ గేజ్ దింపి చూడాలి, అదీ ఒక్కసారే. మళ్లీ మళ్లీ దింపితే కాగితం సాగుతుంది. ఓపెన్ సైట్‌తో మొదలుపెట్టేవారికి రైఫిల్ కార్డు కంటే పిస్టల్ కార్డు అనువైనది. నల్లటి భాగం 59.5 మిల్లీమీటర్లు ఉంటుంది కనుక దాని అడుగు అంచుకు మొనను ఆనించడం కంటికి సులువు.

10 మీటర్ల చోటు లేనివాళ్లు కార్డును జెరాక్స్‌లో తగ్గించి దగ్గర నుంచి కాలుస్తుంటారు. ఇందులో ఒక లెక్క తప్పుతుంది. దూరం తగ్గినా పెల్లెట్ లావు తగ్గదు. వలయం వ్యాసానికి పెల్లెట్ వ్యాసం కలిపి, ఆ మొత్తాన్ని దూరం నిష్పత్తిలో తగ్గించి, మళ్లీ పెల్లెట్ వ్యాసం తీసేయాలి. పిస్టల్ కార్డును 6 మీటర్లకు మార్చాలంటే పది వలయం 11.5 కాస్తా 6.9 కాదు, 5.1 మిల్లీమీటర్లు కావాలి. రైఫిల్ కార్డుకైతే 9 మీటర్ల దగ్గరే పది చుక్క సున్నా అయిపోతుంది. ఇంకా దగ్గరకు జరిగితే అలాంటి చుక్కను గీయడమే సాధ్యం కాదు.

తిరునాళ్లలో బెలూన్లు పేల్చినవారికి తెలుసు, తగిలిందో లేదో వెంటనే కళ్లకు కట్టే టార్గెట్‌లోని ఆనందం వేరు. ఆ ఆనందానికి నియమాలు జోడించిన పోటీలు చాలా ఉన్నాయి. బ్రిటన్‌లో 6 గజాల నుంచి ఇనుప పలక మధ్య రంధ్రంలోకి కాల్చి గంట మోగించే బెల్ టార్గెట్ లీగులు తరతరాలుగా నడుస్తున్నాయి. సిలౌట్ పోటీల్లో కోడి బొమ్మ 20 గజాలు, పంది 30, టర్కీ 36, పొట్టేలు 45 గజాల దూరంలో ఉంటాయి. ఇవి అసలు సిలౌట్ బొమ్మలను పదో వంతుకు కుదించినవి. తగిలితే సరిపోదు, బొమ్మ పడాలి. ఫీల్డ్ టార్గెట్‌లో ఇనుప బొమ్మకు 15 నుంచి 40 మిల్లీమీటర్ల రంధ్రం, వెనక ఒక పలక. పెల్లెట్ రంధ్రం దాటి పలకను తాకితే బొమ్మ వెనక్కి వాలుతుంది, తాడు లాగి మళ్లీ నిలబెడతారు. దూరం 8 నుంచి 55 గజాలు, ఎంతో చెప్పరు, షూటరే అంచనా వేసుకోవాలి. హంటర్ పద్ధతిలో పడగొడితే 2 పాయింట్లు, బొమ్మ ముఖానికి తగిలినా 1. కొత్తవారిని నిలబెట్టే చిన్న మార్పు అది.

అమెరికా ఫీల్డ్ టార్గెట్ వాళ్లు కష్టాన్ని అంకెగా చెప్పడానికి ట్రాయర్ లెక్క వాడతారు. గజాల్లో దూరాన్ని అంగుళాల్లో రంధ్రం వ్యాసంతో భాగిస్తారు. 20 గజాల్లో అరంగుళం రంధ్రానికీ, 40 గజాల్లో అంగుళం రంధ్రానికీ అదే 40 వస్తుంది. గాలి వీచే చోట, నిలబడి కాల్చాల్సిన చోట ఆ అంకెను పెంచుతారు. పెంచకపోతే లెక్క మోసం చేస్తుంది. దూరం రెట్టింపైతే గాలికి పెల్లెట్ పక్కకు జరగడం రెట్టింపు కంటే చాలా ఎక్కువవుతుంది. కాబట్టి సమాన అంకె ఉన్న ఆ రెండింటిలో రెండోదే కష్టం. కోర్సు వేసేవారు ఈ అంకెలను విస్తృతంగా పరచాలి. కొన్ని ఎవరైనా పడగొట్టేవి, కొన్ని ఏఏ తరగతిని కూడా ఆలోచనలో పడేసేవి ఉండాలి. కుదుపు ఉన్న తుపాకుల వర్గానికి కోర్సు వేరుగా వేయనక్కర్లేదు, ఫలితాల పట్టిక వేరుగా రాస్తే సరిపోతుంది.

ఇనుప టార్గెట్ల దగ్గర సీసం పెల్లెట్లే వాడాలి. ఉక్కు గుండ్లు తగిలి వెనక్కి ఎగిరి వస్తాయి. కాల్చేవారికీ, చూసేవారికీ కళ్లద్దాలు తప్పనిసరి. బతికున్న పిట్ట ఏనాడూ టార్గెట్ కాదు. అది నేరం, ఈ ఆటకు దానితో ఏ సంబంధమూ లేదు.

సమాన స్కోర్లు వచ్చినప్పుడు ఏం చేయాలన్నది కూడా ముందే రాసిపెట్టాలి. పూర్ణాంకాల కార్డు పోటీలో మొదట ఇన్నర్ టెన్‌ల సంఖ్య చూస్తారు. అదీ సమానమైతే చివరి పది షాట్ల సిరీస్ నుంచి వెనక్కి లెక్కిస్తారు, ఎందుకంటే అలసిపోయాక కాల్చిన షాట్లకు విలువ ఎక్కువ. పడగొట్టే టార్గెట్లలో ఇన్నర్ టెన్ ఉండదు, అందుకని సమానంగా నిలిచినవారిని ఒకే బొమ్మ ముందు కూర్చోబెట్టి, ఒకరు తప్పే దాకా చెరో షాట్ కాల్పిస్తారు. కూర్చుని తేలకపోతే మోకాలి మీద, అప్పటికీ తేలకపోతే నిలబడి.